జపాన్ ప్రయాణం: ఆరుగురు మిత్రులు, ఇద్దరు శాకాహారులు. తిండి, ర్యోకాన్, గుళ్ళ మర్యాదలు ఎలా?

పెసరట్టు

అందరికీ నమస్తే. నవంబర్ మధ్యలో ఆరుగురం జపాన్ వెళ్తున్నాం. టోక్యో, హకోనే, క్యోటో, కోయాసాన్, చివరికి ఒసాకా నుంచి తిరుగు ప్రయాణం. వీసా, విమానం పనులు అయిపోయాయి, అడిగేదల్లా తిండి గురించే. ఇద్దరు శాకాహారులు, అందులో ఒకరు గుడ్డు కూడా ముట్టరు. మిగతా నలుగురికీ కోడి, చేప, రొయ్య ఏదైనా సరే. బీఫ్ మాత్రం ఎవరికీ వద్దు. పోర్కు ఇద్దరికి పర్లేదు. రోజూ ఇండియన్ హోటల్ వెతుక్కుంటూ తిరగడం ఎవరికీ ఇష్టం లేదు, అక్కడి తిండి అక్కడిలాగే తినాలి. ఆరుగురం కలిసి కూర్చుని తినడం సాధ్యమేనా? ర్యోకాన్‌లో, ఆన్సెన్‌లో, గుళ్ళలో తెలుసుకోవాల్సిన పద్ధతులు కూడా చెప్పండి. (ర్యోకాన్ అంటే అక్కడి సంప్రదాయ సత్రం, ఆన్సెన్ అంటే వేడినీటి బుగ్గల స్నానశాల.)

నిషికసాయి నివాసి

శాకాహారులకు అక్కడ అసలు చిక్కు మాంసం ముక్కతో కాదండి, దాషితో. ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో చేపను సన్నగా చెక్కి, ఆ పొరలను వేడినీళ్ళలో వేసి వడకట్టిన రసమే దాషి. చాలాసార్లు కొంబు అనే సముద్రపు నాచు కూడా వేస్తారు. కొన్ని ఇళ్ళల్లో చిన్న ఎండుచేపలతోనూ కాస్తారు. మీసో సూప్, ఉడోన్ నూడుల్స్ రసం, సోబా నూడుల్స్ నంజుకునే త్సుయు, ఉడికించిన కూరగాయలు, చుట్టిన ఆమ్లెట్, అగెదాషి టోఫు, ఇనారి సుషీలో టోఫు తొడుగు, అన్నిట్లోనూ అదే. కంటికి కనపడదు కాబట్టి వడ్డించేవాళ్ళు కూడా "ఇందులో చేప లేదు" అని నిజాయితీగానే చెప్తారు. వాళ్ళ లెక్కలో చేప అంటే ముక్క.

అందుకే "నేను బెజితరియన్" అంటే పని జరగదు. ఇలా అడగండి: "నికు తో సకానా వా తబెమాసెన్. కత్సువో దాషి మో దామె దెస్." మాంసం, చేప తినం, కత్సువో దాషి కూడా పనికిరాదు అని అర్థం. గుడ్డు తినని వారు "తమాగో మో" అని కలపాలి. ఈ మాటలు జపనీస్ లిపిలో ఫోన్‌లో పెట్టుకుని చూపిస్తే ఇంకా మేలు. వంటవాడు లోపలికి వెళ్ళి సీసా మీద రాసింది చదివి వస్తాడు. "దెకిమాసెన్" అన్నాడంటే కుదరదని. బతిమాలొద్దు, లేచి రావడమే. ఉన్న వంటకంలోంచి ఒకటి తీసేసి ఇవ్వమంటే చాలా చోట్ల ఒప్పుకోరు. పొగరు కాదది. రసం పొద్దున్నే పెద్ద గిన్నెతో కాచి పెట్టుకుంటారు, ఒక్కరి కోసం వేరేది కాయలేరు.

గోంగూర మటన్

అంత లోతుకు పోతే ఏం తింటరన్నా? ముక్క తీసేసి తింటే సరిపోదా? రసం సంగతి చూసీ చూడనట్టు వదిలేస్తే ఊరంతా తిరగొచ్చు.

నిషికసాయి నివాసి

వదిలేయాలా వద్దా అన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవాలి, మనం కాదు. మిగతా నలుగురూ చేయాల్సింది ఒకటే: ఈ ప్రశ్న బయల్దేరే ముందే అడగాలి. "దాషి పర్లేదు" అంటే జపాన్‌లో సగం హోటళ్ళు తెరుచుకుంటాయి. "వద్దు" అంటే ప్లాను వేరే. దుకాణం ముందు వరుసలో నిలబడ్డాక ఈ చర్చ పెట్టుకుంటే ఆరుగురికీ ఆకలే మిగులుతుంది.

పెసరట్టు

అడిగాను. ఇద్దరూ దాషి వద్దనే అన్నారు. మరి ఏం తినొచ్చు?

కోనసీమ కొబ్బరి

ఉన్నాయండీ, బెంగపడకండి. టోక్యో స్టేషన్ లోపల, టికెట్ గేట్లు దాటాక కేయో స్ట్రీట్‌లో టీస్ తాన్‌తాన్ అని ఉంది. పూర్తిగా వీగన్ రామెన్ (వేడి రసంలో నూడుల్స్). పాలు, గుడ్డు కూడా ఉండవు. షింకన్సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కే రోజు మధ్యాహ్నం అక్కడ తినేలా చూసుకుంటే సరి, గేట్ల లోపలే కాబట్టి టికెట్ చేతిలో ఉంటుంది. అఫురీ అనే రామెన్ గొలుసు హోటళ్ళలో మామూలు రామెన్ కోడి రసంతో చేస్తారు, పక్కనే వీగన్ గిన్నె కూడా ఉంటుంది. ఆరుగురూ ఒకే చోట తినగలిగే తావుల్లో అదొకటి. కోకో ఇచిబాన్యా కూర అన్నం దుకాణాల్లో చాలా చోట్ల శాకాహార కూర విడిగా దొరుకుతుంది. అక్కడ కారం స్థాయి, అన్నం గ్రాములు మనమే చెప్పొచ్చు. శాకాహార కూర అని పేరు పెట్టి అడగండి. మామూలు కూరలో కూరగాయలు వేయమంటే మాంసం రసంలోనే వేసిస్తారు.

టెంపురా విషయంలో జాగ్రత్త. పిండిలో గుడ్డు కలుపుతారు, రొయ్యలు వేయించిన నూనెలోనే వంకాయ, గుమ్మడి కూడా వేస్తారు. ఆ రెండూ పర్లేదనుకుంటే నంజుకోడానికి ఇచ్చే రసం వదిలేసి ఉప్పు అడగండి, "షియో దె". రుచీ అదే బావుంటుంది. ఓకోనోమియాకీ (క్యాబేజీ అట్టు) అయితే పైన చల్లిన చేప పొరలు తీసేసినంత మాత్రాన శాకాహారం అయిపోదు, పిండి కలిపిందే దాషితో. తకోయాకీ (ఆక్టోపస్ ముక్క పెట్టిన ఉండలు) అంతే.

నవంబర్‌లో సూపర్‌మార్కెట్ల గుమ్మం దగ్గర వేడి రాళ్ళ మీద కాల్చిన చిలగడదుంపలు పెడతారు, యాకీ ఇమో. నూనె లేదు, ఉప్పు లేదు, రసం లేదు. పూర్తి శాకాహారికి దానంత నిశ్చింతైన తిండి ఇంకోటి లేదు ఆ దేశంలో. తొక్క కాస్త మాడి, తేనెలాంటి పాకం బయటికి కారి గట్టిపడినది ఏరుకోండి. అదే బాగా మగ్గింది.

లేబుల్ చదివేవాడు

కొన్బినీ, అంటే వీధి వీధినా ఉండే చిన్న దుకాణాల (సెవెన్ ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్, లాసన్) గురించి. అందరూ "చివర బ్రాకెట్లో అలెర్జీ జాబితా చూసుకో" అంటారు. శాకాహారికి అది చాలదు. చట్టం ప్రకారం తప్పనిసరిగా రాయాల్సినవి గుడ్డు, పాలు, గోధుమ, సోబా, వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ లాంటివి. బీఫ్, పోర్కు, కోడి, జెలటిన్, సాల్మన్, మాకెరెల్ "రాస్తే మంచిది" అన్న జాబితాలో ఉన్నాయి. కత్సువో చేప ఆ రెండు జాబితాల్లోనూ లేదు. అంటే దాషి ఉన్న పదార్థం అలెర్జీ పెట్టెలో శుభ్రంగా కనిపించొచ్చు.

కాబట్టి ఫోన్ కెమెరాతో అనువాదం చేసేటప్పుడు మొత్తం పదార్థాల వరస చదవాలి. బరువు ఎక్కువున్నది ముందు వస్తుంది, గీత తర్వాత వచ్చేవి రంగులు, నిల్వ పదార్థాల వంటివి. పట్టుకోవాల్సిన మాటలు: కత్సువో, గ్యోకాయ్ ఎకిసు (సముద్ర జీవుల సారం), చికిన్ ఎకిసు, పోకు ఎకిసు, రాదో (పంది కొవ్వు), జెరచిన్. ఓనిగిరి అంటే అన్నం ముద్ద. ఉత్త ఉప్పు ఓనిగిరి, ఎర్ర అలసందల్లా ఉండే అజుకీతో వండిన సెకిహాన్ ఓనిగిరి ఎక్కువసార్లు సరిపోతాయి. ఉప్పులో ఊరిన ఉమె పండు ఓనిగిరి అనగానే తీసుకోవద్దు, లోపలి ముద్దలో కత్సువో కలిపే రకాలున్నాయి. రుచులు కలిపిన పెరుగు కప్పుల్లో జెలటిన్ తరచుగా ఉంటుంది. 400 గ్రాముల తెల్ల పెరుగు డబ్బా తీసుకుంటే ఎక్కువసార్లు పాలు తప్ప మరొకటి ఉండదు.

ఓనిగిరి కాగితం మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. 1 దగ్గర పట్టుకుని నడుమ చుట్టూ చీల్చి, తర్వాత 2, 3 మూలలు పక్కలకి లాగాలి. వేరే వరసలో లాగితే నోరి ఆకు కాగితంతోనే ఊడొస్తుంది.

గోంగూర మటన్

సరే, మిగతా నలుగురి సంగతి నాకొదిలేయండి. యాకితోరి (పుల్లకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు) దుకాణం పట్టుకోండి, కోడి తప్ప చాలా వరకు ఇంకేం ఉండదు. మొమో అంటే తొడ, నెగిమా అంటే మధ్యలో ఉల్లికాడ గుచ్చింది, సునగిమో అంటే కందనకాయ, రెబా కార్జం, హత్సు గుండె, కావా తోలు, బొంజిరి తోక దగ్గరి కొవ్వు ముక్క. మనోళ్ళకి సునగిమో కొత్తేం కాదు, కాకపోతే అక్కడ కరకరలాడేలా కాలుస్తరు. ఉప్పుతో కావాలా (షియో), తీపి సోయా పూతతో కావాలా (తారె) అని అడుగుతరు. కందనకాయ ఉప్పుతో, కార్జం తారెతో, ఇది తిరగేస్తే రుచి చెడ్తది. అదే పొయ్యి మీద పంది పొట్ట ముక్కలు (బుతాబారా), బేకన్ చుట్టిన ఆస్పరాగస్, టమాటా కూడా కాలుస్తుంటరు. కూరగాయ పుల్ల కదా అని శాకాహారికి ఇచ్చేస్తే లోపల బేకన్ తగుల్తది.

బీఫ్ ఎక్కడ దాక్కుంటదంటే: కూర ముద్దల్లో కొవ్వుగా, కొరొక్కె అనే ఆలూ కట్లెట్లో కైమాగా, ఓదెన్ గిన్నెలో నరాల ముక్కగా, హంబాగు స్టేక్‌లో పోర్కుతో కలిపి, హయాషి రైస్‌లో. "గ్యూనికు హైత్తె ఇమాసు కా?" అని అడగండి. క్యోటో, ఒసాకా వైపు మెనూలో ఉత్త "నికు" అని ఉంటే అది బీఫే అనుకోండి. టోక్యోలో అదే మాటకి పోర్కు కూడా కావచ్చు. రామెన్‌లో తోన్‌కోత్సు అంటే పంది ఎముకల రసం, పోర్కు తినని ఇద్దరికీ తోరి పాయితాన్ (కోడి ఎముకల చిక్కటి రసం) ఉన్న చోటు చూడండి, పైన పెట్టే చాషు (పోర్కు) ముక్క మాత్రం వద్దని చెప్పాలి. గ్యోజా, నికుమాన్ లోపల పోర్కే. ఓయాకోదోన్ అంటే అన్నం మీద కోడి, గుడ్డు.

రైలు పిచ్చి

అసలు ఇబ్బంది ఏం తింటారన్నది కాదు, ఎక్కడ కూర్చుంటారన్నది. మంచి రామెన్ దుకాణం అంటే పదిలోపు స్టూళ్ళు, అంతే. ఆరుగురు ఒకేసారి వెళ్తే ఖాళీ అయిన కొద్దీ ఇద్దరిద్దరిని పిలుస్తారు, మొదట తిన్నవాళ్ళు చివరివాళ్ళ కోసం లోపల కూర్చోకూడదు. ముందుగా గుమ్మం దగ్గరి మెషీన్‌లో డబ్బులేసి టికెట్ తీసుకుని వరుసలో నిలబడాలి. పాత మెషీన్లు నోట్లలో 1,000 యెన్ నోటు తప్ప తీసుకోవు. కొన్ని చోట్ల మొత్తం జట్టు వస్తే గానీ వరుసలో నిలబడనివ్వరు.

మధ్యాహ్నాలు మూడు జంటలుగా విడిపోండి. రాత్రికి ఇజకాయా (తాగుతూ చిన్న చిన్న వంటకాలు తినే హోటల్) టేబుల్ ముందే బుక్ చేసుకోండి. బుకింగ్‌లో "కోర్సు" కాకుండా "సీటు మాత్రమే" ఎంచుకోవాలి. కోర్సు అంటే టేబుల్ అంతటికీ ఒకే వరస వంటకాలు, శాకాహారులకి అందులో ఏమీ రాదు, డబ్బు మాత్రం అవుతుంది. అలాగే నొమిహోదాయ్, అంటే గంటన్నర, రెండు గంటలు తాగినంత. టేబుల్‌లో ఒకరు తీసుకుంటే అందరూ తీసుకోవాలన్నది మామూలు నియమం. తాగనివాళ్ళకు తక్కువ ధర ఉందేమో అడగండి. ఆఖరి ఆర్డర్ గడువుకి అరగంట ముందే అయిపోతుంది.

కూర్చోగానే చిన్న గిన్నెలో ఏదో వస్తుంది, ఆర్డర్ ఇవ్వకుండానే. దాన్ని ఓతోషి అంటారు. మనిషికి 300 నుంచి 500 యెన్ దాకా బిల్లులో పడుతుంది. సీటుకి కట్టే రుసుం అనుకోండి, గొడవ పడొద్దు. బిల్లు ఒకటే వస్తుంది, ఒకరు కట్టేసి తర్వాత పంచుకోవడమే నయం. టిప్పు ఉండదు. టేబుల్ మీద వదిలితే వెనక పరుగెత్తి తెచ్చిస్తారు.

పనిలో పనిగా షింకన్సెన్ సీట్లు. ఒక వరుసలో ఒక వైపు మూడు (ఏ, బీ, సీ), మరో వైపు రెండు (డీ, ఈ). మూడు సీట్ల వరుసలు రెండు ముందూవెనకా తీసుకుని, ముందున్నదాని కింద పెడల్ తొక్కి తిప్పితే ఆరుగురూ ఎదురెదురుగా కూర్చోవచ్చు. అయితే టోక్యో నుంచి క్యోటో వెళ్ళేటప్పుడు ఫుజీ కొండ కనిపించేది రెండు సీట్ల (డీ, ఈ) వైపు. టోక్యో వదిలిన ముప్పావు గంటకి లేచి అటువైపు తలుపు దగ్గరి అద్దం నుంచి చూడండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే టికెట్‌తోపాటే వెనక సామాను చోటున్న సీటు బుక్ చేయాలి. అది ఉచితం. చేయకుండా ఎక్కితే 1,000 యెన్ కట్టాలి. జేఆర్ పాస్ (విదేశీ యాత్రికుల రైలు పాస్) ధర 2023 అక్టోబర్‌లో ఏడు రోజులకి 50,000 యెన్‌కి పెరిగింది. మీ రూటుకి అది దండగ, విడి టికెట్లు కొనుక్కోండి.

పెద్ద పెట్టెలు టోక్యో హోటల్ కౌంటర్‌లో తక్యూబిన్‌కి (సామాను చేరవేసే సేవ) ఇచ్చేసి క్యోటో హోటల్‌కి పంపేయండి. హకోనేకి ఒక రాత్రి బట్టల సంచీ చాలు. కోయాసాన్‌కి వెళ్ళేటప్పుడు కూడా అంతే, క్యోటో నుంచి ఒసాకా హోటల్‌కి పంపేసి కొండెక్కండి.

పెసరట్టు

ఇది చాలా పనికొచ్చే మాట, థాంక్స్. హకోనేలో ర్యోకాన్ బుక్ చేద్దామనుకుంటున్నాం. శాకాహారులకి భోజనం?

కోనసీమ కొబ్బరి

ర్యోకాన్‌లో ధర గదికి కాదండీ, మనిషికి, రెండు పూటల భోజనంతో కలిపి. రాత్రి వచ్చే కాయిసెకి (ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే భోజనం) వరసలో దాదాపు ప్రతి గిన్నెలోనూ దాషి ఉంటుంది. బుక్ చేసేటప్పుడే "దాషి లేకుండా శాకాహారం కుదురుతుందా" అని రాసి, అవునని జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. అక్కడికి వెళ్ళి చెప్తే ఏమీ చేయలేరు, చేపలు, కూరలు ముందురోజే తెప్పించుకుంటారు. కుదరదంటే ఇంకో దారి ఉంది: శాకాహారులిద్దరికీ ఒక గది సుదోమారి పద్ధతిలో, అంటే భోజనం లేకుండా, నలుగురికి రెండు గదులు భోజనంతో. ఒకే ర్యోకాన్‌లో రెండు వేర్వేరు బుకింగులు పెట్టి, కలిసి వస్తున్నామని రాయండి. ఆ ఇద్దరి రాత్రి తిండి హకోనే యుమోతో స్టేషన్ దగ్గరే కొని పెట్టుకోవాలి. కొండ మీద దుకాణాలు పొద్దుపోకముందే మూసేస్తారు.

సాయంత్రం అయిదు లోపు చేరండి. భోజనం ఆరు, ఆరున్నరకి, వేళ దాటితే పెట్టరు. తతామీ చాప మీద చెప్పులే కాదు, ఇంటి స్లిప్పర్లు కూడా వేయకూడదు. చక్రాల పెట్టె ఈడ్చకూడదు, ఎత్తి గడప దగ్గర పెట్టాలి. టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితో హాల్లోకి వచ్చేయడం కొత్తవాళ్ళు అందరూ చేసే పనే. యుకాతా (ర్యోకాన్ ఇచ్చే నూలు అంగీ) కట్టుకునేటప్పుడు కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి రావాలి. తిరగేసి కట్టేది శవానికి.

వేడినీళ్ళు

ఆన్సెన్ గురించి నేను చెప్తా. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి వేర్వేరు. ఒంటి మీద నూలుపోగు ఉండదు, ఈత దుస్తులకి ఒప్పుకోరు. స్నేహితుల ముందు మొహమాటమైతే కషికిరి అని విడి తొట్టి 45 నిమిషాలో, గంటో అద్దెకు తీసుకోవచ్చు, చెక్ ఇన్ చేయగానే వేళ అడిగి పెట్టుకోండి, సాయంత్రానికి అయిపోతాయి.

వరస ఇది. బట్టలు బుట్టలో పెట్టి, చిన్న తువ్వాలు ఒకటే లోపలికి తీసుకెళ్ళాలి. గోడవైపు కుళాయిల ముందు చిన్న పీట మీద కూర్చునే ఒళ్ళంతా సబ్బుతో రుద్దుకుని నురగ పూర్తిగా కడిగేయాలి. నిలబడి స్నానం చేస్తే పక్కవాళ్ళ మీద పడుతుంది. తొట్టిలోకి మెల్లగా దిగాలి. జుట్టు పైకి ముడేయాలి, తువ్వాలు నీళ్ళలో ముంచకుండా తల మీదో గట్టు మీదో పెట్టుకోవాలి. ఆ తొట్టి నీళ్ళు అందరివీ, అందుకే అంత పట్టింపు. నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీలు ఉంటాయి. అయిదు నుంచి పది నిమిషాలు ఉండి లేవండి, కాసేపు గట్టు మీద కూర్చుని మళ్ళీ దిగొచ్చు. కళ్ళు తిరిగేది చాలామందికి లేచి నిలబడేటప్పుడే, తాగి దిగినవాళ్ళకి మరీను. బయటికొచ్చే ముందు తువ్వాలు పిండి ఒళ్ళు తుడుచుకోవాలి, లేకపోతే బట్టల గది నేలంతా తడి. పచ్చబొట్లుంటే ముందే అడగండి, కొన్ని చోట్ల రానివ్వరు.

కొండదారి

కోయాసాన్ పెట్టుకోవడం మంచి పని. శాకాహారులు ఏమీ అడగక్కర్లేకుండా, మిగతా నలుగురితో సమానంగా కూర్చుని తినే చోటు అది. 816లో కూకాయ్ అనే భిక్షువు స్థాపించిన షింగోన్ బౌద్ధుల కొండ అది. యాభై దాకా మఠాల్లో యాత్రికులకి బస ఉంది, షుకుబో అంటారు. అక్కడ పెట్టేది షోజిన్ ర్యోరి: మాంసం, చేప లేవు, సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి కూడా లేవు. దాషి కొంబుతో, ఎండు షిటాకే పుట్టగొడుగులతో కాస్తారు. గుడ్డు తినని విషయం మాత్రం బుకింగ్‌లో ఒకసారి రాసేయండి.

పళ్ళెంలో రెండు గమనించండి. గోమా దోఫు పేరుకి టోఫు, సోయా లేదందులో. నువ్వుల ముద్దని కుజు గడ్డ పిండితో ఆపకుండా కలియబెట్టి గట్టిపరుస్తారు, చెంచా పెడితే సాగుతుంది. కోయా దోఫు అంటే గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు. ఉడికాక స్పాంజిలా రసం పీల్చుకుంటుంది, కొరికితే వేడి రసం ఒక్కసారి బయటికొస్తుంది, తొందరపడితే నాలుక కాలుతుంది.

ఒసాకా నంబా స్టేషన్ నుంచి నంకాయ్ రైలులో గోకురకుబాషి దాకా గంటన్నర, అక్కడి నుంచి అయిదు నిమిషాల కేబుల్ కారు, తర్వాత బస్సు. కేబుల్ స్టేషన్ నుంచి ఊళ్ళోకి నడక దారి మూసి ఉంటుంది, బస్సే ఎక్కాలి. భోజనం సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య. గేట్లు రాత్రి తొందరగా వేసేస్తారు. పొద్దున ఆరు, ఆరున్నరకి ప్రార్థన. కొన్ని మఠాల్లో ఆ వెంటనే గోమా అగ్నికార్యం చేస్తారు, మన హోమం చైనా మీదుగా వెళ్ళినదే. నవంబర్ మధ్యకి రాత్రి చలి బాగా ఉంటుంది, పాత మఠాల గదులకి కాగితపు తలుపులే, మందపాటి సాక్సులు తీసుకెళ్ళండి, చెప్పుల్లేకుండా చల్లని నేల మీద నడవాలి.

ఓకునోయిన్ సమాధుల దారి రెండు కిలోమీటర్లు, రెండు లక్షలకు పైగా సమాధులు. చివర కూకాయ్ ఇప్పటికీ ధ్యానంలో ఉన్నాడని నమ్మకం. రోజూ పొద్దున ఆరింటికి, పదిన్నరకి ఆయనకి భోజనం మోసుకెళ్తారు. పదిన్నరది చూడటం తేలిక. చివరి వంతెన దాటాక ఫొటోలు తీయకూడదు, తినకూడదు.

ఇంకో మాట, మనవాళ్ళకి ఆసక్తి కలిగిస్తుందని. షింగోన్ గురుపరంపరలో మూడోవాడు నాగార్జునుడు. దక్షిణ భారతంలోని ఇనుప స్తూపంలో ఆయనకి ఆ ఉపదేశం దొరికిందని వాళ్ళ సంప్రదాయం చెప్తుంది. మఠాల్లో గురువుల పటాలు వరసగా కట్టి ఉంటే ఆయనది ఏదో అడిగి చూడండి.

నిషికసాయి నివాసి

కొండదారి గారు చెప్పిందానికి చిన్న చేర్పు. షోజిన్ ర్యోరి కోసం కొండే ఎక్కనక్కర్లేదు. క్యోటో అరాషియామాలో తెన్‌ర్యూజి గుడి ఆవరణలో షిగెత్సు అని భోజనశాల ఉంది, మధ్యాహ్నం మాత్రమే. చెట్ల ఆకులు ఎర్రబడే కాలం, జనం ఎక్కువ కాబట్టి ముందు బుక్ చేయాలి. తోట టికెట్ వేరే కొనాలి. అయితే క్యోటోలో "యుదోఫు" అని బోర్డు చూసి శాకాహారం అనుకోవద్దు. గిన్నెలో టోఫు ఉడికేది కొంబు నీళ్ళలోనే గానీ, నంజుకునే సాస్‌లో కత్సువో కలిపి ఉంటుంది. ఉత్త సోయా సాస్ అడిగి దానితో తినాలి.

ఇంకోటి. టోక్యో అసకుసాలో సెన్సోజి గుడి చూసేవాళ్ళు ఈశాన్యంగా పది నిమిషాలు నడిస్తే మత్సుచియామా షోదెన్ గుడి వస్తుంది. అక్కడి దేవుడు కాంగితెన్, మన వినాయకుడే. విగ్రహం బయటికి చూపించరు. నైవేద్యం ముల్లంగి. గుడిలోనే కొని సమర్పించొచ్చు.

పెసరట్టు

ముల్లంగి! ఉండ్రాళ్ళు కాదా? సరే, గుళ్ళలో మర్యాద ఏంటి?

కొండదారి

షింటో మతం గుడికీ (జింజా), బౌద్ధ గుడికీ (తెరా) పద్ధతి వేరు. జింజాలో తోరీ గేటు ముందు తల వంచి, దారి మధ్యలో కాకుండా పక్కగా నడవాలి. నీటి తొట్టి దగ్గర గరిటె కుడి చేత్తో పట్టి ఎడమ చేయి, మార్చుకుని కుడి చేయి, మళ్ళీ ఎడమ అరచేతిలో పోసుకుని నోరు పుక్కిలించాలి. చివరికి గరిటె నిలబెట్టి మిగిలిన నీళ్ళు పిడి మీదుగా జారనివ్వాలి. గరిటెకి నోరు పెట్టకూడదు. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్ళతో అవ్వాలి. నాణెం వేసి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మరోసారి వంగడం. తెరాలో చప్పట్లు కొట్టరు, చేతులు జోడించడమే.

భోజనం దగ్గర రెండు మాత్రం మర్చిపోవద్దు. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందించకూడదు, దహనం తర్వాత ఎముకలు అలా అందిస్తారు. స్నేహితులు రుచి చూడమని ఇచ్చుకునేటప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. పళ్ళెంలో పెట్టి ఇవ్వండి. నూడుల్స్ జుర్రుకుంటూ తినడం తప్పు కాదు. నడుస్తూ తినకండి, కొన్న బండి దగ్గరే నిలబడి తిని చెత్త వాళ్ళకే ఇవ్వండి. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు ఉండవు.

కోనసీమ కొబ్బరి

టీ వేడుకకి వెళ్తే ఉంగరాలు, గాజులు, గడియారం ముందే తీసి సంచీలో వేసుకోండి, గిన్నెలకి గీతలు పడతాయి. మిఠాయి ముందు పూర్తిగా తినేయాలి, తర్వాతే మాచా (పొడి కలిపిన గ్రీన్ టీ). గిన్నె ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడి చేత్తో రెండు చిన్న మలుపులు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి తాగాలి. బొమ్మ ఉన్న వైపు పెదవి తగలకుండా అన్నమాట. మోకాళ్ళ మీద కూర్చోలేకపోతే ముందే చెప్తే స్టూలు ఇస్తారు. ఆ మిఠాయిలు (వగాషి) ఎక్కువగా చిక్కుడు ముద్ద, బియ్యప్పిండి, పంచదార, కాంతెన్ అనే నాచు జెల్లీతోనే చేస్తారు కాబట్టి శాకాహారులకి పండగే. కాసుతెరా, దోరాయాకీలో గుడ్డుంది, అవి గుడ్డు తినని వారికి వద్దు.

కన్వేయర్ బెల్టు సుషీ దుకాణంలో ఒక హెచ్చరిక. టేబుల్ అంచున నల్ల మీట ఉన్న కుళాయి చేతులు కడుక్కోడానికి కాదు. గ్రీన్ టీ పొడి వేసిన కప్పుని దానికి ఆనించి నొక్కితే మరిగే నీళ్ళు వస్తాయి.

లేబుల్ చదివేవాడు

ఇంటి నుంచి ఏం తేవచ్చో ఎవరూ చెప్పలేదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేకండి. మాంసం కలిసిన ఏ పదార్థమైనా, వండినదైనా, సీల్ వేసినదైనా జపాన్ జంతు క్వారంటైన్ నిషేధించింది. దొరికితే పారేయడంతో పోదు, కేసు కూడా కావచ్చు. పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు కూడా వద్దు, వాటికి మన ప్రభుత్వ మొక్కల ఆరోగ్య పత్రం కావాలి. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ ఇబ్బంది లేదు, డబ్బా మూతకి టేపు చుట్టండి. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు మానేయండి.

అక్కడే దొరికే కారం: ఇచిమి అంటే ఉత్త మిరపపొడి. యుజుకోషో అంటే పచ్చిమిర్చి, యుజు నిమ్మ తొక్క, ఉప్పు కలిపి నూరిన ముద్ద, అచ్చం మన పచ్చిమిర్చి పచ్చడి లాగే పెరుగన్నంలోకి దిగుతుంది.

పెసరట్టు

మా గుడ్డు తినని మిత్రుడు చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టేశాడు. పనిచేస్తుందా?

రైలు పిచ్చి

తీసేయమనండి. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన కుక్కర్ 230కి చేసింది. వేడి చుట్టకి వోల్టేజీ సగానికి పైగా తగ్గితే వేడి అయిదో వంతు కంటే తక్కువకి పడిపోతుంది. వెయ్యి వాట్ల కుక్కర్ 190 వాట్ల దగ్గర ఆగుతుంది, నీళ్ళు మరగవు, బియ్యం నానుతాయి అంతే. ప్లగ్గు కూడా రెండు చదును పిన్నులది, మనది దూరదు. ఫోన్ ఛార్జర్లకి మాత్రం అడాప్టర్ పెట్టుకుంటే చాలు, వాటి మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది. పైగా చాలా హోటళ్ళు గదిలో వంట ఒప్పుకోవు.

లేబుల్ చదివేవాడు

కుక్కర్ బదులు ఏ కొన్బినీలోనైనా వండి సీల్ వేసిన అన్నం పాకెట్ తీసుకోండి, 200 గ్రాములది. మూత పొర గుర్తు ఉన్న గీత దాకా మాత్రమే తెరిచి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. పూర్తిగా తెరిచేస్తే పైపొర ఎండిపోయి గట్టిపడుతుంది. గదిలో మైక్రోవేవ్ లేకపోతే కౌంటర్ దగ్గరే వేడిచేసి ఇస్తారు. అక్కడి అన్నం జిగురుగా ఉంటుంది కాబట్టి పులిహోర కలిపితే ముద్దలవుతుంది, తెల్ల పెరుగు కలిపితే భేషుగ్గా ఉంటుంది. అయిదు వందల గ్రాముల కందిపొడి డబ్బా ఇద్దరికీ బోలెడు.